వెన్నులో పాము... పదిలం!

తాటిచెట్టు మీంచి జారిపడిన గీత కార్మికుడు... వానలో బైకు జారి బోల్తాపడిన కుర్రాడు... ప్రమాదం ఏదైనా ఆ తర్వాత జరిగేది మాత్రం ఒకటే. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొస్తారు. ఒకరు చంకల కింద చేతులేస్తారు, ఇంకొకరు కాళ్లు పట్టుకుంటారు. లేపి కూర్చోబెట్టి, గుక్కెడు నీళ్లు తాగించి, ఆటో ఎక్కించేస్తారు. అందరిదీ మంచి మనసే. కానీ ఆ కంగారులోనే ఒక్కోసారి జరగరాని నష్టం జరిగిపోతుంది. ఎందుకో తెలియాలంటే మన వీపులోకి ఒకసారి తొంగిచూడాలి.

చిటికెన వేలంత!

వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. వెన్నెముక అంటే ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే పూసల వరస. ఆ పూసల మధ్య సొరంగంలాంటి దారిలో భద్రంగా ఉండే మెత్తటి నాడీ తాడే వెన్నుపాము. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. లావు చిటికెన వేలంత. చుట్టూ మూడు పొరలు, కుదుపుల నుంచి కాపాడే ద్రవం.

విచిత్రమేమిటంటే ఇది వెన్నెముక చివరిదాకా ఉండదు. నడుము పూసల్లో మొదటిదీ రెండోదీ ఉన్నచోటే ఆగిపోతుంది. అక్కణ్నుంచి కిందికి గుర్రపుతోకలా నరాల కుచ్చు వేలాడుతుంటుంది. సిజేరియన్ సమయంలో నడుముకు మత్తు సూది వేసేది ఆ కింది భాగంలోనే. సూది వెన్నుపాముకు గుచ్చుకుంటుందేమోనని చాలామంది భయపడతారు కానీ, అక్కడ వెన్నుపామే ఉండదు!

కబురు వెనక... ఆజ్ఞ ముందు

వెన్నుపాము నుంచి రెండు పక్కలకూ 31 జతల వెన్నునాడులు బయల్దేరతాయి. మెడలో 8, ఛాతీ భాగంలో 12, నడుములో 5, త్రికాస్థి దగ్గర 5, తోక ఎముక దగ్గర 1. ఒక్కో నాడికీ రెండు మూలాలు. వెనక మూలం ఒంటి నుంచి నొప్పి, వేడి, స్పర్శల కబురు తెస్తుంది. ముందు మూలం కండరాలకు ఆజ్ఞ మోసుకెళ్తుంది. ఈ పని విభజనను ఫ్రెంచి శాస్త్రవేత్త ఫ్రాన్స్వా మజాండీ 1822లో నిరూపించాడు.

వేడి పెనానికి చెయ్యి తగిలిందనుకోండి. 'మంట' అన్న సంగతి మనకు తెలిసేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. మెదడు కోసం ఆగకుండా వెన్నుపామే తీసుకునే నిర్ణయం అది.

ఎంత పైన దెబ్బ తగిలితే...

నడుము దగ్గర దెబ్బతింటే కాళ్లు చచ్చుబడొచ్చు, మల మూత్రాలపై పట్టు పోవచ్చు. మెడ దగ్గరైతే చేతులు కూడా. మెడలోని 3, 4, 5 నాడులు ఊపిరి తీయించే ఉదరవితానాన్ని నడిపిస్తాయి. 'సూపర్‌మ్యాన్' హీరో క్రిస్టఫర్ రీవ్ 1995లో గుర్రం మీంచి పడ్డప్పుడు విరిగినవి మెడలోని మొదటి రెండు పూసలు. 2004లో కన్నుమూసేదాకా ఆయన చక్రాల కుర్చీకి, శ్వాస యంత్రానికి అంటిపెట్టుకునే బతకాల్సి వచ్చింది.

ఎముక విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపాములో తెగిన పోగులు మళ్లీ అతుక్కోవడం దాదాపు జరగదు. అయితే పూస విరిగినంత మాత్రాన వెన్నుపాము తెగినట్టు కాదు. అసలు ఆశ అక్కడే ఉంది. విరిగిన పూస లోపలికి గుచ్చుకోకుండా చూడటం మన చేతుల్లో ఉంది.

ఏం చేయాలి?

* మంటలు, వాహనాల రద్దీ లాంటి ముప్పు లేకపోతే కదపొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.
* తలను రెండు చేతులతో ఉన్నది ఉన్నట్టే పట్టుకోండి. వంకరగా ఉందని సరిచేయొద్దు.
* లేపి కూర్చోబెట్టొద్దు, నీళ్లు తాగించొద్దు.
* వాంతి అవుతుంటే మెడ, వీపు మెలిపడకుండా ఒళ్లంతా ఒక్కసారిగా పక్కకు తిప్పండి.
* ఊపిరి ఆగిపోతే మాత్రం ఆలోచించొద్దు. ప్రాణం నిలపడమే ముందు.
* తరలించక తప్పకపోతే నలుగురైదుగురు కలిసి, తల నుంచి కాళ్ల దాకా ఒకే వరసలో ఉంచి గట్టి బల్ల మీదికి చేర్చండి.

అంబులెన్స్ వచ్చేదాకా ఆ తల కదలకుండా పట్టుకుని కూర్చున్న మనిషి పెద్దగా ఏమీ చేయనట్టే కనిపిస్తాడు. కానీ పడ్డవాడు రేపు తన కాళ్లమీద తాను నిలబడగలిగితే, ఆ పుణ్యం సగం అతనిదే!