గుర్రాలు కాదు, గంటకు లీటర్లు అడగండి!

గల్ఫ్ సంపాదనతో ఊళ్ళో బోటుకు ఇంజిను కొనేవారి కోసం

(షార్జా నుంచి)

గల్ఫ్ సొమ్ము ఊళ్ళో ఏమవుతుంది? కొందరికి మేడ అవుతుంది, కొందరికి చెల్లెలి పెళ్ళి అవుతుంది, ఇంకొందరికి పాత బాకీ తీరుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, కాకినాడ తీరాల నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళకు మాత్రం అది చాలాసార్లు బోటు ఇంజిను అవుతుంది. ఇక్కడ మేము సైట్లలో కాంక్రీటు పోయిస్తూ, ఇనుము కట్టిస్తూ ఉంటే, అక్కడ మా అన్నదమ్ములు, బావమరుదులు వేటకు పోతుంటారు. ఇంజిను మూలపడిందంటే ముందు ఫోను వచ్చేది మాకే!

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మన తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కేదీ, రంగులు పడేదీ, ఇంజిన్లు మారేదీ ఎక్కువగా ఆ రెండు నెలల్లోనే. బేరం చేసేది అక్కడివాళ్ళు, డబ్బు పంపేది ఇక్కడివాళ్ళం. ఆ ఫోన్లలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎన్ని హెచ్‌పి?" హార్స్ పవర్ ఎంత ఎక్కువుంటే ఇంజిను అంత గొప్పదని మనవాళ్ళ నమ్మకం. కానీ రేవులో సరంగులనూ, మెకానిక్కులనూ అడిగి, మాకు తెలిసిన నాలుగు లెక్కలు వేసి చూస్తే, ముందు అడగవలసినవి వేరే రెండు ప్రశ్నలని తేలింది. ఒకటి, గంటకు ఎన్ని లీటర్లు తాగుతుంది? రెండు, ఆగిపోతే మన రేవులో బాగుచేసేది ఎవరు?

కొనేది ఒక్కసారి, తాగేది రోజూ

సైట్లో జనరేటర్లు నడిపించేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఇంజిను ఖరీదు ఒక్కసారి కట్టేది, డీజిల్ ఖరీదు రోజూ కట్టేది. మంచి డీజిల్ ఇంజిను పూర్తి లోడు మీద ఒక్కో హార్స్ పవర్‌కు గంటకు సుమారు 0.2 లీటరు తాగుతుంది. అంటే 100 హెచ్‌పి ఇంజినును పూర్తిగా తొక్కితే గంటకు 20 లీటర్లు. పాతబడిన ఇంజినైనా, ఇంజెక్టర్లు పాడైనా ఇంకా ఎక్కువే.

రోజుకు 20 లీటర్లు ఆదా అయిందనుకోండి. నెలకు 20 రోజుల వేట, నిషేధం పోను పది నెలలు వేసుకుంటే 4,000 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన 4 లక్షల రూపాయలు! గల్ఫ్‌లో మాలాంటి సూపర్‌వైజరు ఏడాదంతా ఓవర్‌టైం చేసినా అంత మిగలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో డీజిల్ సబ్సిడీని లీటరుకు 9 రూపాయలకు పెంచారు. మంచిదే. కానీ సబ్సిడీ వచ్చేది కాల్చిన లీటరు మీద. కాల్చని లీటరు మీద మిగిలేది మొత్తం ధర!

గుర్రాలు పెరిగితే అలలు పెరుగుతాయి

షార్జా, అజ్మాన్ రేవుల్లో ఫైబర్ బోట్లు వెనుక రెండేసి ఔట్‌బోర్డు ఇంజిన్లు పెట్టుకుని నీళ్ళ మీద ఎగిరిపోతుంటాయి. వాటిని ఫోనులో వీడియో తీసి ఇంటికి పంపితే, "మనకూ అలాంటిదే పెద్ద ఇంజిను పెడదాం" అని జవాబు వస్తుంది. ఆ బోట్లు తేలిక. వేగం అందుకోగానే పైకి లేచి నీటి మీద జారుతాయి. మన సోనా బోట్లు, ట్రాలర్లు అలా కాదు. ఐసు, వలలు, డీజిల్, మనుషులు, తిరిగి వచ్చేటప్పుడు చేపలు, ఇంత బరువుతో నీటిని తోసుకుంటూ పోవాలి.

అలాంటి బోటు ఎంత వేగంగా పోగలదో ముందే నిర్ణయించేది దాని పొడవు. నీటిగీత దగ్గర ఎన్ని అడుగుల పొడవుందో చూసి, ఆ అంకెకు వర్గమూలం కట్టి, 1.34తో హెచ్చిస్తే సుమారు గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. 36 అడుగులకు వర్గమూలం 6 కనుక వేగం సుమారు 8 నాట్లు. ఆ బోటుకు ఎంత పెద్ద ఇంజిను పెట్టినా 12 నాట్లు పోదు. వెనక అల ఎత్తు పెరుగుతుంది, పొగ పెరుగుతుంది, డీజిల్ బిల్లు పెరుగుతుంది. అంతే.

హెచ్‌పి అసలు అక్కర్లేదని కాదు. ఎదురుగాలిలో, పోటు పాట్లలో, వల లాగడానికి బలం ఉండాలి. కావలసినంత ఉండాలి, అంతకు మించి కాదు అన్నదే మా మాట. ఇది మా సొంత సిద్ధాంతమేమీ కాదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రూపొందించిన 'సాగర్ హరిత' అనే ఇంధన పొదుపు బోటు 2016లో నీటిలోకి దిగింది. దాని పొడవు 19.75 మీటర్లు, ఇంజిను 400 హెచ్‌పి. అదే సైజు బోట్లకు మామూలుగా పెట్టే దానికంటే ఇది సుమారు 20 శాతం తక్కువ. పెద్ద ఇంజిను కంటే బోటు అడుగు ఆకారం, బరువు, ఫ్యాను మీద వాళ్ళు దృష్టి పెట్టారు.

అరగంట ఆలస్యం, 19 లీటర్లు లాభం

ఇంజిను మార్చకుండానే డబ్బు మిగిల్చే ఉపాయం ఒకటుంది. బోటు వేగం పెరిగితే కావలసిన బలం దానికి ఘనం చొప్పున పెరుగుతుంది. తగ్గించినా అలాగే తగ్గుతుంది. పది శాతం నెమ్మదిస్తే బలం 27 శాతం తగ్గుతుంది, ఇరవై శాతం నెమ్మదిస్తే దాదాపు సగమవుతుంది.

వేట చోటు 40 నాటికల్ మైళ్ళ దూరంలో ఉందనుకుందాం. గంటకు 20 లీటర్లు తాగే ఇంజినుతో 8 నాట్ల వేగాన పోతే 5 గంటలు, 100 లీటర్లు. అదే 7.2 నాట్లతో పోతే సుమారు 5 గంటల 33 నిమిషాలు, 81 లీటర్లు. 6.4 నాట్లతో పోతే 6 గంటల పావు, 64 లీటర్లు. తక్కువ లోడు మీద ఇంజిను హార్స్ పవర్‌కు కాస్త ఎక్కువ తాగుతుంది కనుక అసలు లెక్కలో కొంచెం తేడా ఉంటుంది. అయినా లాభం లాభమే. తిరుగు ప్రయాణంలో చేపలు చెడిపోతాయన్న భయంతో వేగంగా రావడంలో అర్థముంది. వెళ్ళేటప్పుడు పక్క బోటుతో పందెం ఎందుకు?

పెద్ద ఇంజిను కొని ఎప్పుడూ నెమ్మదిగా నడుపుదామన్నా నష్టమే. డీజిల్ ఇంజినును నెలల తరబడి చాలా తక్కువ లోడు మీద నడిపితే మసి పడుతుంది, ఆయిలు కక్కుతుంది. మా సైట్లలో పెద్ద జనరేటరు పెట్టి రాత్రంతా నాలుగు లైట్లు వెలిగిస్తే సైలెన్సరు నుంచి నల్లటి జిడ్డు కారుతుంది. అదే జబ్బు ఇక్కడా!

ప్లేటు మీద ఏ అంకె?

జనరేటరు ప్లేటు మీద రెండు రేటింగులు ఉండటం సైట్లో పనిచేసిన ప్రతివాడూ చూసి ఉంటాడు. కరెంటు పోయినప్పుడు కొద్దిసేపు వాడుకునేది ఒకటి, రోజూ గంటల తరబడి వాడుకునేది ఒకటి. రెండోది ఎప్పుడూ తక్కువే. బోటు ఇంజిన్లకూ ఇలాగే ఉంటుంది. షికారు బోటుకు ఒక రేటింగు, రోజంతా లోడు మీద నడిచే పని బోటుకు ఇంకో రేటింగు. ఒకే ఇంజినుకు రెండు మూడు హెచ్‌పి అంకెలు ఉండవచ్చు. వాటిలో పెద్ద అంకె కరపత్రం మీదికి ఎక్కుతుంది.

మా గదిలో ఉండే ఒకరి ఇంట్లో ఇదే జరిగింది. చీటీ పాడిన డబ్బంతా పంపి ఇంజిను కొనిపించాడు. దుకాణంవాళ్ళు 120 హెచ్‌పి అని చెప్పి అమ్మారు. ఆ 120 అన్నది పన్నెండు గంటల్లో ఒక గంట మాత్రమే వాడుకోవలసిన రేటింగు అని వాళ్ళెవరూ నోరు విప్పలేదు. రోజంతా వల లాగారు. ఎనిమిది నెలలకు సిలిండరు హెడ్డు పోయింది. "మీరు ఎక్కువ లోడు పెట్టారు, గ్యారంటీ వర్తించదు" అన్నారు. ఆ కుటుంబం ఒకే ఇంజినుకు రెండుసార్లు డబ్బు కట్టింది. రెండోసారి కట్టింది అతను ఊరికి పోయి ఇల్లు వేసుకుందామని దాచిన సొమ్ము.

కాబట్టి "రోజుకు పది పన్నెండు గంటలు ఆపకుండా లోడు మీద నడపడానికి ఎన్ని హెచ్‌పి?" అని అడగాలి. జవాబు కాగితం మీద రాయించుకోవాలి.

ఇంజిను ఒక్కటే కాదు, గేరుబాక్సు, ఫ్యాను కూడా

ఇంజిను ఎంత మంచిదైనా నీటిని తోసేది వెనకున్న ఫ్యాను, అంటే ప్రొపెల్లరు. బరువైన బోటుకు, ముఖ్యంగా 3 నాట్ల వేగంతో వల లాగే ట్రాలరుకు, పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరగడమే మేలు. చిన్న ఫ్యాను గిర్రున తిరిగితే నీళ్ళు చిలకడమే తప్ప బోటును తోయదు. 1,800 చుట్లు తిరిగే ఇంజినుకు 3:1 గేరుబాక్సు పెడితే ఫ్యాను 600 చుట్లు, 4:1 పెడితే 450 చుట్లు తిరుగుతుంది. పెద్ద ఫ్యానుకు బోటు కింద చోటు ఉండాలి గనుక బోటు కట్టిన మేస్త్రీని ముందే అడగాలి. కొత్త ఇంజినుకు పాత ఫ్యాను తగిలించి పంపేసే పద్ధతి రేవుల్లో ఎక్కువ. డీజిల్ వృథా అక్కడే మొదలవుతుంది.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. నిండు బరువుతో సముద్రంలోకి తీసుకెళ్ళి పూర్తిగా తొక్కండి. ఇంజిను దాని ప్లేటు మీద రాసిన చుట్లు అందుకోవాలి. అందుకోలేక నల్లపొగ కక్కితే ఫ్యాను బరువెక్కువ. చుట్లు దాటిపోతుంటే ఫ్యాను తేలిక. ఈ పరీక్ష అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

బోటు అడుగు శుభ్రం కూడా ఇంధనమే. నాచు, గుల్లలు పట్టిన బోటు ఒక నెలకే 7 శాతం, పట్టించుకోకపోతే ఆరు నెలలకు 44 శాతం దాకా ఎక్కువ ఇంధనం తాగవచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1999లో వేసిన చిన్న బోట్ల పుస్తకంలో ఉంది. అంత తేడా ఏ కొత్త ఇంజినూ పూడ్చలేదు.

నడిసముద్రంలో నమ్మకం

రోడ్డు మీద లారీ ఆగితే దిగి నడిచి వెళ్ళొచ్చు. సముద్రంలో ఇంజిను ఆగిన బోటు గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అందుకే పొదుపు ఎంత ముఖ్యమో నమ్మకం అంతకంటే ముఖ్యం.

లారీ ఇంజినునే బోటుకు మార్చి బిగించడం మన తీరంలో మామూలే. అది తప్పు కాదు, ధర తక్కువ, విడిభాగాలు దొరుకుతాయి. కానీ ఉప్పునీటికి తట్టుకునేలా మార్చారా లేదా అన్నది చూడాలి. ఉప్పునీరు నేరుగా ఇంజిను బ్లాకులో తిరిగితే లోపల తుప్పు తినేస్తుంది. మంచినీరు, కూలెంటు లోపల తిరుగుతూ, ఉప్పునీరు బయట నుంచి చల్లబరిచే ఏర్పాటు ఉండాలి. తుప్పును తన మీదికి తీసుకునే జింకు ముక్కలను వేళకు మార్చాలి. డీజిల్‌లో నీటిని వేరు చేసే ఫిల్టరు తప్పనిసరి. డ్రమ్ముల్లో పోసుకెళ్ళే డీజిల్‌లో నీళ్ళు, చెత్త కలవడం వల్లే చాలా ఇంజిన్లు ఆగుతాయి.

ఏ కంపెనీ అని చాలామంది అడుగుతారు. కిర్లోస్కర్, అశోక్ లేలాండ్, కమ్మిన్స్ వంటి పేర్లు మనవాళ్ళకు తెలిసినవే, విదేశీ ఇంజిన్లు కూడా వస్తున్నాయి. మా సలహా ఒక్కటే. మీ రేవులో ఇప్పటికే ఐదేళ్ళుగా నడుస్తున్న ఇంజినును చూడండి, దాని సరంగును అడగండి. వాటర్ పంపు రబ్బరు ముక్క కోసం వారం రోజులు బోటు కట్టేస్తే, డీజిల్‌లో మిగిలింది అక్కడే పోతుంది. విశాఖలోని సిఫ్‌నెట్ కేంద్రంలో మెరైన్ ఫిట్టరు శిక్షణ ఇస్తారు. మన ఊరి కుర్రాడొకడు అది చదివితే రేవంతటికీ దిక్కు.

ఎవరెంత జాగ్రత్తపడినా ఆపద రావచ్చు. కోస్ట్ గార్డ్ అత్యవసర నంబరు 1554 బోటు గదిలో పెద్ద అక్షరాలతో రాసిపెట్టమనండి.

డబ్బు పంపే ముందు

ఈ ఆరు ప్రశ్నలకు జవాబు వచ్చాకే డబ్బు పంపండి:

1. రోజంతా నడిచే పనికి రేటింగు ఎంత? కాగితం ఉందా?
2. పూర్తి లోడు మీద, ముప్పావు లోడు మీద గంటకు ఎన్ని లీటర్లు?
3. గేరుబాక్సు నిష్పత్తి ఎంత? దానికి తగిన ఫ్యాను ఇస్తున్నారా?
4. చల్లబరిచే ఏర్పాటు ఏమిటి?
5. మెకానిక్కు, విడిభాగాలు ఎంత దూరంలో ఉన్నాయి?
6. నిండు బరువుతో సముద్రంలో నడిపి చూపిస్తారా?

ఇంజిను బిగించాక ఇంకొక్క పని. సైట్లో మేము ప్రతి యంత్రానికీ ఒక లాగ్ బుక్ పెడతాం. ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని లీటర్లు పోశాం, ఆయిలు ఎప్పుడు మార్చాం. బోటులోనూ అలాంటి నోటుబుక్కు ఒకటి పెట్టించండి. గంటకు 15 లీటర్లు తాగే ఇంజిను ఒక నెలలో 18 తాగితే ఏదో తేడా వచ్చిందని ఆ పుస్తకమే చెబుతుంది. ఇంజెక్టరో, ఫ్యానో, అడుగున నాచో, ఏదైనా సముద్రంలో ఆగిపోకముందే రేవులో బయటపడుతుంది.

మనం గల్ఫ్‌లో ఎండలో నిలబడి సంపాదించిన సొమ్ము అది. అక్కడ మనవాళ్ళు ప్రాణాలు పెట్టి ఎక్కేది ఆ బోటే. ఈసారి ఇంటినుంచి ఇంజిను గురించి ఫోనొస్తే, "ఎన్ని హెచ్‌పి?" అన్న ప్రశ్నను కాస్త వెనక్కి పెట్టి, ముందు గంటకు ఎన్ని లీటర్లో అడుగుదాం.