మీకు తెలుసా? ఆలంపూర్‌లోని ఒక గుడి ఊరు మారి వచ్చింది

నల్లమల కొండల నడుమ కృష్ణమ్మ సరస్సులా పరచుకున్న సోమశిల ఇప్పుడు పర్యాటకులను బాగా ఆకర్షిస్తోంది. ఆ నీళ్లు శ్రీశైలం జలాశయానివి; పూర్తి మట్టం 885 అడుగులు. జలాశయం నిండితే మునిగే చోట, కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో, చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. దాన్ని రాయి రాయిగా విప్పి, ఆలంపూర్‌కు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అందుకే సోమశిలలో పడవెక్కిన వారు ఆలంపూర్ చూడకపోతే ఆ సరస్సు కథ సగమే విన్నట్టు.

ఆలంపూర్ జోగులాంబ దర్శనానికి వెళ్లే క్షేత్రమే గానీ విహారస్థలం కాదని కొందరంటారు. భక్తికి విహారం అడ్డు కాదు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఒడ్డునే ఉన్నాయి. ఉత్తరాది శైలి శిఖరాలు దక్కనులో ఇంత తొలినాళ్లలో, ఇన్ని ఒక్కచోట కనిపించడం అరుదు. వేసవిలో సోమశిల దగ్గర నీరు తగ్గితే చూడటానికేముందన్న ప్రశ్నలోనూ కొంత నిజముంది, పడవలకు అది గడ్డుకాలమే. కానీ కర్నూలు వైపు సప్తనదీ సంగమంలో మునిగి ఉండే మరో సంగమేశ్వరాలయం బయటపడేది నీరు తీసినప్పుడే! అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అడవిది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం సోమశిల పక్కనే ఉంది, రద్దీ పెరిగితే దానికి చేటే. ఆ రద్దీలో కొంత ఆలంపూర్ వైపు మళ్లితే అడవికీ ఊపిరాడుతుంది. ఈసారి సోమశిలకు బయలుదేరేవారు ఒక పూట ఆలంపూర్‌కు కేటాయించండి.