పోర్షే 911 vs ఆడి ఆర్ఎస్6: 50 ఏళ్ల నాటి రేసు కారును ఫ్యామిలీ బండి ఎలా ఓడిస్తోంది?

ఒకటి రేసుల కోసం పుట్టిన కారు. ఇంకోటి పిల్లల్ని స్కూల్లో దింపి, డిక్కీ నిండా సామాన్లు వేసుకుని ఇంటికొచ్చే కారు. ఈ రెండింటినీ ఖాళీ రన్‌వే మీద పక్కపక్కన నిలబెడితే గెలిచేది పిల్లల కారే! అదీ చిన్న తేడాతో కాదు.

మొదటిది 1973 మోడల్ పోర్షే 911 కరెరా ఆర్ఎస్ 2.7. దీన్ని 1972 అక్టోబర్‌లో పారిస్ మోటార్ షోలో చూపించారు. రేసుల్లో అర్హత కోసం 500 కార్లు తయారు చేయాలనేది అప్పటి రూల్. అన్ని అమ్ముడుపోతాయా అని కంపెనీలోనే అనుమానం. చివరికి 1,580 తయారయ్యాయి. బరువు తగ్గించడానికి రేకు పల్చన చేశారు, అద్దాలు పల్చన చేశారు. స్పోర్ట్ వేరియంట్‌లో వెనక సీట్లు, గడియారం కూడా పీకేశారు. ఫలితంగా బరువు 960 కిలోలకు దిగింది. 210 హార్స్‌పవర్‌తో 0 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 5.8 సెకన్లు. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

రెండోది 2019లో వచ్చిన ఆడి ఆర్ఎస్6 అవాంట్. ఐదు సీట్లు, 565 లీటర్ల డిక్కీ, బరువు 2,075 కిలోలు. అంటే రెండు పోర్షేల కంటే ఎక్కువే! అయినా 100 వేగం అందుకోవడానికి 3.6 సెకన్లు చాలు.

600 హార్స్‌పవర్ ఉంటే ఆ మాత్రం పరిగెత్తదా అనిపిస్తుంది. కానీ అసలు లెక్క అది కాదు. టన్ను బరువుకు ఎంత పవర్ అని చూస్తే పోర్షేకు 219, ఆడికి 289. పవర్ దాదాపు మూడు రెట్లున్నా, బరువుతో కలిపి చూస్తే ఆధిక్యం మూడో వంతే. మిగతా పనంతా టైర్లు, గేర్‌బాక్స్ చేస్తాయి. ఆడిలో నాలుగు చక్రాలకూ పవర్ వెళ్తుంది, గేర్లు వాటంతటవే మారతాయి. పోర్షేలో తోసేది వెనక రెండు చక్రాలే. క్లచ్, గేర్లు డ్రైవర్ చేతి, కాలి పని.

మరి బరువు ఎక్కడ దెబ్బేస్తుంది? బ్రేక్ వేసినప్పుడు. 100 వేగంలో ఉన్న పోర్షేను ఆపాలంటే బ్రేకులు సుమారు 370 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చాలి. ఆడికైతే 800. అందుకే దాని బ్రేకులు, టైర్లు అంత భారీగా ఉంటాయి, మార్చినప్పుడు బిల్లు కూడా అలాగే ఉంటుంది.

ఇక మలుపుల సంగతి. పాత 911లో ఇంజిన్ వెనక చక్రాల కంటే ఇంకా వెనక ఉంటుంది. మలుపులో భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే కారు వెనక భాగం పక్కకు తిరిగిపోయే ప్రమాదం ఉంది. ఆ తప్పును దిద్దడానికి ఏబీఎస్ లేదు, స్టెబిలిటీ కంట్రోల్ లేదు, ఎయిర్‌బ్యాగులూ లేవు. అనుభవం ఉన్న డ్రైవర్‌కు అదే మజా. పక్కన కుటుంబం ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే.

ఇంకో విశేషం ఏంటంటే, ఆడి ఫాస్ట్ వ్యాగన్ల వెనక పోర్షే చెయ్యి కూడా ఉంది. 1994లో వచ్చిన 315 హార్స్‌పవర్ ఆడి ఆర్ఎస్2 అవాంట్‌ను రెండు కంపెనీలూ కలిసి రూపొందించాయి. దాని బ్రేకులు పోర్షేవే, అసెంబ్లీ జరిగిందీ స్టుట్‌గార్ట్‌లోని పోర్షే ఫ్యాక్టరీలోనే.

మన దగ్గర స్టేషన్ వ్యాగన్లకు పెద్దగా ఆదరణ దక్కలేదు. టాటా ఎస్టేట్, ఇండిగో మెరీనా వచ్చి వెళ్లిపోయాయి. ఆర్ఎస్6 అవాంట్ పాత తరం మోడల్ 2015లో రూ.1.35 కోట్ల ఎక్స్‌షోరూమ్ ధరకు భారత్‌లో లాంచ్ అయింది. ఇక 1973 నాటి కారైతే 2021 కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ కిందకు వస్తుంది. ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబర్ ప్లేట్ ఇస్తారు. ర్యాలీలకు, ప్రదర్శనలకు తీసుకెళ్లొచ్చు కానీ, రోజూ ఆఫీసుకు వేసుకెళ్తామంటే కుదరదు.