‘హి’కీ ‘షి’కీ తకరారు

పిల్లల ఇంగ్లీషు నోటుబుక్కు ఎప్పుడైనా తిరగేశారా? ‘మై మదర్ ఈజ్ ఎ టైలర్. హి స్టిచెస్ బ్లౌజెస్’ అని ఉంటుంది. తల్లి కాస్తా మగవాడైపోయింది! పిల్లకు తెలివి లేక కాదు. ‘మా అమ్మ టైలరు, జాకెట్లు కుడ్తది’ అనేస్తే మనకు సరిపోతుంది. సర్వనామంతో పనే లేదు. ‘తన’ అన్నా అంతే, అందులో ఆడా మగా తేడా ఉండదు.

ఇంకో సంగతి. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా అన్న ‘వచ్చిండు’, అక్క ‘వచ్చింది’. బర్రె కూడా ‘వచ్చింది’! కన్నడంలో, తమిళంలో ఆడవాళ్ళకు విడిగా క్రియ ఉంది. మనకు అక్కలు నలుగురు కలిసి వస్తేనే ‘వచ్చిండ్రు’ అని మనుషుల్లో లెక్క. కాబట్టి షి, ఇట్ దగ్గర పిల్లలు తడబడితే కోప్పడకండి.

మర్యాదతో వచ్చే చిక్కు వేరు. ‘మా సారు వచ్చిండ్రు’ అన్న నోటితోనే సారుకు ‘దే’ తగిలిస్తారు. ఇంగ్లీషులో ఎంత పెద్దాయనైనా ‘హి’నే, అందులో అమర్యాద లేదు.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. తెలుగు మీడియంలో చదివిన తల్లులు ‘నాకేం తెలుసు’ అని వెనక్కి తగ్గనక్కర్లేదు. పెన్సిలు తీసుకుని ప్రతి సర్వనామం కింద గీత గీయండి. అది ఎవరి గురించో ఆ పేరు దాకా బాణం వేయమనండి. బాణం ఆడమనిషి దగ్గర ఆగితే షి, హర్. పదిమంది దగ్గర ఆగితే దే, దెయిర్.

‘ఎవ్రీ స్టూడెంట్ షుడ్ బ్రింగ్ హిజ్ బుక్’ అని పాత వ్యాకరణాలు నేర్పాయి. ఆడపిల్లల బడిలో ‘హిజ్’ ఏమిటి? మన దేశపు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం కూడా పుంలింగంలో స్త్రీలూ కలిసిపోతారనే చెప్పింది. మన తెలుగే నయం, ‘ఎవరి పుస్తకం వాళ్ళు తెచ్చుకోవాలి’ అంటుంది. ఇంగ్లీషు వాళ్ళూ ఇలాంటి చోట ‘దెయిర్’ ఎప్పటినుంచో వాడుతున్నారు. జేన్ ఆస్టిన్ నవలల్లోనూ ఉంది. 2019లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు ‘దే’నే ఆ ఏటి మాటగా ఎంచింది. అయినా పరీక్షలో పేచీ ఎందుకు? ‘ఆల్ స్టూడెంట్స్’ అని మొదలుపెడితే ‘దెయిర్’ను ఎవరూ కొట్టేయలేరు.

బాణం రెండు పేర్ల మధ్య ఊగితే మాత్రం వాక్యమే మార్చాలి. ‘లక్ష్మి సుజాతకు తన పెన్ను ఇచ్చింది’ అంటే పెన్ను లక్ష్మిదని మనకు తెలుస్తుంది. ఇంగ్లీషు ‘హర్ పెన్’ ఎవరిదైనా కావచ్చు. అక్కడ పేరే మళ్ళీ రాయించండి.