దూరదర్శిని మౌంటులో వదులు: లోపాన్ని గుర్తించే విధానం

దూరదర్శినిలో గురుగ్రహాన్ని మధ్యకు తెచ్చి చేయి తీయగానే అది పక్కకు జరిగిపోతుంది. మీట తిప్పితే కొంతసేపు చలనమే ఉండదు. ఆపై ఒక్కసారిగా దూకుతుంది. ఇటువంటప్పుడు చాలామంది కటకాలను అనుమానిస్తారు. కాని లోపం తరచుగా గొట్టాన్ని మోసే మౌంటులోనే ఉంటుంది.

ఈ వదులు కంటికి అల్పమే, ఫలితం మాత్రం అధికం. ఒక మీటరు దూరాన అర మిల్లీమీటరు కదలిక దాదాపు 100 ఆర్క్‌సెకన్ల కోణానికి సమానం. ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. పంచాంగ పరిభాషలో వికల. గురుగ్రహం భూమికి మిక్కిలి చేరువగా ఉన్నప్పుడు సైతం దాని బింబ వ్యాసం దాదాపు 50 ఆర్క్‌సెకన్లే. అనగా అర మిల్లీమీటరు వదులు ఆ బింబాన్ని దాని వ్యాసానికి రెండింతల దూరం జరుపగలదు.

కనబడిన మరలన్నింటినీ బిగించడం పరిష్కారం కాదు. ముందుగా వదులు ఎక్కడున్నదో తెలుసుకోవాలి. పగటి వేళ గొట్టానికి మూత పెట్టి, క్లచ్‌లు బిగించి, గొట్టం కొసను మెల్లగా అటూ ఇటూ కదిలించండి. రెండవ చేతి వేలిని ఒక్కొక్క అతుకుపై ఆనించండి. ట్రైపాడ్ కాళ్లతో మొదలుపెట్టి పైకి రావాలి. ఏ అతుకు వద్ద రెండు భాగాలు వేర్వేరుగా కదులుతున్నట్లు వేలికి తెలుస్తుందో, లోపం అక్కడే ఉన్నది.

బయటి అతుకులన్నీ గట్టిగా ఉంటే వర్మ్ గేరును పరీక్షించాలి. గొట్టంతోపాటు వర్మ్ కూడా ముందుకు వెనుకకు జరుగుతుంటే, దాని కొసనున్న బేరింగు నట్టు వదులైనట్లు. వర్మ్ నిశ్చలంగా ఉండి పళ్లచక్రం మాత్రమే కదిలితే, ఆ రెండింటి నడుమ సందు ఎక్కువైనట్లు. సాధారణంగా ఆ సందును ఎదురెదురు మరలు నియంత్రిస్తాయి. ఒకదానిని కొద్దిగా వదులుచేసి, రెండవదానిని అంతే బిగించాలి. ఒక్కసారికి చుట్టులో ఎనిమిదవ వంతుకు మించరాదు.

పళ్లచక్రం పరిపూర్ణమైన వృత్తం కాదు. కనుక సరిచేసిన ప్రతిసారీ దానిని పూర్తిగా ఒక చుట్టు తిప్పి చూడాలి. మిక్కిలి బిగువైన చోట కూడా అది సాఫీగా తిరగాలి. వదులును పూర్తిగా తొలగించబోతే గేరు పట్టుకుపోతుంది, పళ్లు అరుగుతాయి, మోటారుపై భారం పడుతుంది. చలికి లోహం కుంచించుకుంటుంది గనుక కొంచెం సందు మిగలడం అవసరం కూడా.

ఆ మిగిలిన సందుకు ఉపాయం తూకంలో ఉన్నది. ఈక్విటోరియల్ మౌంటులో తూర్పు వైపును రవ్వంత బరువుగా ఉంచితే, గేరు పళ్లు ఎల్లప్పుడూ ఒకే వైపున ఆనుకొని ఉంటాయి. లక్ష్యాన్ని కూడా చివరిలో ఎప్పుడూ ఒకే దిశ నుండి సమీపించాలి.

పాఠశాలల్లో, విజ్ఞాన సంఘాల్లో పాడైనవని బీరువాలకెక్కిన దూరదర్శినుల్లో కొన్నింటి లోపం ఇంతే కావచ్చు. వాటిని పక్కన పెట్టేముందు ఒక అలెన్ కీతో, ఒక పూట ఓర్పుతో ఈ పరీక్ష జరిపి చూడండి.