స్వీయచరిత్ర, కథ: బలాబలములు

తొలి తెలుగు నవలలలో నొకటియైన 'రాజశేఖర చరిత్రము', తెలుగు వచన స్వీయచరిత్రలకు ఒరవడి దిద్దిన 'స్వీయచరిత్రము' రెండును రాజమహేంద్రవర వాసి కందుకూరి వీరేశలింగము పంతులుగారివే. కల్పన, స్వానుభవము ఒక్క కలమునుండి వెలువడిన ఈ గోదావరీ సీమలో ఆ రెంటి బలాబలములను తూచుటకు వితంతు వివాహమను ఒక్క విషయము చాలును.

1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. ఆ ఉద్యమమును వారు న్యాయవాది తన పక్షమును నిరూపించినట్లు వ్రాసిరి. ఎవరు తోడ్పడిరి, ఎవరు వెనుదీసిరి, బంధువులెట్లు వెలివేసిరి అన్నియు అందు గలవు. చరిత్రకారుడు ఆ గ్రంథమును విడువజాలడు. కాని వధువు మనసు మనకంతగా చిక్కదు. ఇది పంతులుగారి లోపమనుటకంటె ఆ ప్రక్రియ హద్దనుట న్యాయము. తనది కాని హృదయమున స్వీయచరిత్రకారునకు ప్రవేశ మెక్కడిది?

కథకునకు కలదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అరికాళ్ళ క్రింద మంటలు' చదువుడు. ఇంటిల్లిపాదికి చాకిరి చేసి నలిగిన యొక బాలవితంతువు, తుదకు జట్కా ఎక్కి వీరేశలింగముగారి తోటకు పొమ్మనును. వంటయింటి సాధింపులు, ఎత్తిపొడుపులు గోదావరి తీరపు పలుకుబడిలోనే వినిపించును. ఏ ఉపన్యాసమును అంత కోపము పుట్టింపలేదు. అయితే ఆ యింటివారిలో ఒక్కరికైనను కొంత జాలి యుండినచో కథ ఇంకను నమ్మదగినదై యుండెడిదని నా అభిప్రాయము.

1955 నుండి వెలువడిన 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'లో శాస్త్రిగారు ఈ కథకుని చెవినే స్వీయచరిత్రకు అరువిచ్చిరి. చదువుటకు అంత హాయియైన స్వీయచరిత్రలు మనకు కొద్ది. కాని ఏనాటివో సంభాషణలు అచ్చుగ్రుద్దినట్లు వచ్చుచుండగా, ఇందు జ్ఞాపక మెంత, కథకుని చేయి ఎంత యని విద్యార్థి అడుగక తప్పదు. ఉపాధ్యాయుడును ఆ ప్రశ్నను వారింపరాదు.

జట్కా తోట చేరిన పిమ్మటి బ్రతుకునకు మాత్రము మరల పంతులుగారినే ఆశ్రయింపవలెను. వంటవారు, నీళ్లు మోయువారు రాకపోగా, వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు తెచ్చి పెండ్లివారికి వండి పెట్టిరి. 1910లో గతించిన ఆమెను గూర్చి మనకు మిగిలినది చాలవరకు భర్తగారు చెప్పినదే.