అత్తగారికి తాజ్‌మహల్, కోడలికి మక్బరా

హైదరాబాద్ నుండి వికారాబాద్ వెళ్లే దారిలో మొయినాబాద్, చేవెళ్ల పరిసరాల్లో ఎన్నో తోటలు, ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ గార్డెన్లు కనిపిస్తాయి. పెళ్లిళ్ల రోజుల్లో ఇలాంటి చోట్ల తెల్లని గుమ్మటాలతో తాజ్‌మహల్‌ను పోలిన సెట్టింగులు వేయడం చూస్తూనే ఉంటాం. పిల్లలు వాటి ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. వలీమా విందు ముగియగానే ఆ గుమ్మటాలను ఊడదీసి లారీకెక్కిస్తారు.

అయితే తాజ్‌ను చూసి ఒక కుటుంబం తోట మధ్యలో కట్టించిన కట్టడం ఒకటి మూడున్నర శతాబ్దాలు దాటినా చెక్కుచెదరక నిలిచి ఉంది. అదే ఔరంగాబాద్‌లోని బీబీ కా మక్బరా. 1956 వరకు మన చేవెళ్లలాగే ఔరంగాబాద్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్న ఆ నగరానికి 2023లో ఛత్రపతి సంభాజీనగర్ అని పేరు మార్చారు.

ఈ సమాధిలో ఉన్నది ఔరంగజేబు భార్య దిల్‌రస్ బానూ బేగం. అంటే ముంతాజ్ మహల్‌కు కోడలు. ముంతాజ్ 1631లో కాన్పు సమయంలోనే కన్నుమూసింది. దిల్‌రస్ కూడా 1657లో కొడుకును ప్రసవించిన కొద్ది వారాలకే మరణించింది. అత్త పేరిట ఆగ్రాలో వెలసిన కట్టడమే కోడలి సమాధికి నమూనా అయింది.

దీనిని కుమారుడు ఆజంషా తన తల్లి కోసం కట్టించాడని చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. కాని తల్లి పోయేనాటికి ఆజంషా వయసు నాలుగేళ్లు మాత్రమే. అందుచేత నిర్మాణాన్ని చేపట్టింది ఔరంగజేబేనని, కొడుకు పెద్దయ్యాక మరమ్మతులు చేయించాడని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. తండ్రి కట్టించినదానిని కొడుకు కాపాడుకున్నాడన్నమాట.

పనివారిలోనూ తండ్రీకొడుకుల బంధం కనిపిస్తుంది. ప్రధాన ద్వారంపై వాస్తుశిల్పి అతావుల్లా పేరు, ఇంజనీరు హంస్‌పత్‌రాయ్ పేరు చెక్కి ఉన్నాయి. తాజ్‌మహల్ ప్రధాన శిల్పిగా పేరొందిన ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కుమారుడే ఈ అతావుల్లా. ఇతను గొప్ప గణితవేత్త కూడా. భాస్కరాచార్యుని బీజగణితాన్ని పార్సీలోకి అనువదించాడు.

చుట్టూ ఎత్తయిన ప్రహరీ, లోపల నాలుగు భాగాలుగా తీర్చిన చార్‌బాగ్, నడుమ నీటికాలువలు, ఫౌంటెన్లు. తాజ్‌లో అంతా పాలరాయే. ఇక్కడ గోడల అడుగుభాగానికీ, గుమ్మటానికీ మాత్రమే పాలరాయి వాడి, మిగతాచోట నల్లరాతి కట్టుబడిపై నున్నని తెల్లటి గచ్చు పూశారు. అయిన ఖర్చు 6,68,203 రూపాయల ఏడణాలని గులాం ముస్తఫా రాసిన ‘తారీఖ్ నామా’ చెబుతోంది. తాజ్‌కు కోట్ల రూపాయలు ఖర్చయి ఉంటాయని అంచనా. అందుకే కొందరు దీనిని పేదవాడి తాజ్ అని చులకన చేస్తారు. మినార్లు మరీ లావుగా, గుమ్మటం ఇరుకుగా ఉన్నాయని వంకలు పెడతారు.

ఆ వంకలలో కొంత నిజం లేకపోలేదు. కాని లోపలికి వెళ్లి చూడండి. సమాధి నేలమట్టానికి దిగువన ఉంటుంది. చుట్టూ ఎనిమిది పలకల పాలరాతి జాలీ. వచ్చినవారెవరైనా పైనుంచి తలవంచి చూడవలసిందే. అక్కడ నిలబడినవారికి తాజ్‌తో పోలికలు గుర్తుకు రావు. పసిబిడ్డలను వదిలి వెళ్లిపోయిన ఒక తల్లి మాత్రమే గుర్తుకు వస్తుంది.

మరో విశేషం. భార్యకు ఇంతటి సమాధి నిర్మించిన ఔరంగజేబు 1707లో మరణించాక ఖుల్దాబాద్‌లో ఆకాశమే కప్పుగా ఉన్న నిరాడంబరమైన సమాధిలో ఖననమయ్యాడు.

సెలవుల్లో పిల్లలను అజంతా, ఎల్లోరాలకు తీసుకువెళ్లేవారు ఈ తోటలోనూ ఒక పూట గడపాలి. గచ్చు పెచ్చులూడే పాత గోడలివి, వాటిపై పేర్లు గీయనివ్వకండి. “అబ్బా, ఇది నకిలీ తాజ్‌మహలా?” అని పిల్లలు అడిగితే నవ్వి ఊరుకోకండి. తండ్రి నుండి కొడుకు నేర్చిన పనితనానికీ, తల్లిని మరవని ఒక ఇంటి ప్రేమకూ ఇది గుర్తని చెప్పండి. కట్టడంలో పోలిక ఉండవచ్చు. తల్లిని పోగొట్టుకున్న దుఃఖం మాత్రం ఎవరికి వారిదే, దానికి నకలు ఉండదు.